మట్టికారు ఎడమవైపు

మార్చి 4
కంపెనీ మ్యూజియం నుంచి ఫోన్. నాన్న డిజైన్ చేసిన చిన్నకారును హాల్లో పెడుతున్నారట. బోర్డు మీద నాన్న పేరు రాయిస్తారట, మంచి ఫోటో పంపమన్నారు. నాన్న పోయి ఏడాది. ఇన్నాళ్ళకు అమ్మ ముఖంలో వెలుగు చూశాను. చుట్టాలందరికీ అప్పుడే ఫోన్లు మొదలుపెట్టేసింది.

మార్చి 6
బీరువా మీద నాన్న ఫైళ్ళు. దుమ్ముకి తుమ్మి తుమ్మి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి స్టూడియో ఫోటో ఒకటి దొరికింది. నిజం కారంత క్లే మోడల్. వాళ్ళ పద్ధతి అది: ఒకే మట్టికారు, ఎడమ సగం ఒకరు చేస్తారు, కుడి సగం ఇంకొకరు. కంపెనీ పెద్దలు చుట్టూ తిరిగి ఒక పక్కను ఎంచుకుంటారు. రెండోది చెక్కేసి, అటూ ఎంచుకున్నదానిలాగే చేస్తారు.

ఎడమ పక్కన నాన్న. కుడి పక్కన ఆయన స్నేహితుడు, మా గుండు మావయ్య. రోడ్డెక్కిన కారు కుడి పక్కది.

ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో అది నాన్న కారు. ఆయన ఎప్పుడూ నాదే అనలేదు. నాది కాదనీ అనలేదు. అందుకే నాకు ఒళ్ళు మండుతోంది.

మార్చి 7
అమ్మకు చూపించాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, నోర్మూసుకోమంది.

మార్చి 9, సాయంత్రం
మావయ్య ఇంటికి వెళ్ళాను. ఫోటో చూసి అప్పటి సంగతి చెప్పాడు. ఆ రోజు పెద్దల్లో సగంమంది అటు, సగంమంది ఇటు అయ్యారట. విసిగిపోయిన చీఫ్, నువ్వే చెప్పవయ్యా అని నాన్ననడిగాడట. నాన్న కుడివైపు చూపించాడట. నీకేమన్నా పిచ్చా అని తర్వాత మావయ్య తిడితే నాన్నది ఒకటే మాటట.

“నీదే బాగుంది కదరా. కళ్ళారా చూస్తూ కాదని ఎట్లా అనను?”

మరి మాకెందుకు చెప్పలేదని అడిగాను. నేను స్కూల్లో మా నాన్న కారు అని అందరికీ చెప్పుకుని ఇంటికొచ్చానట. ఆ సంబరం చూశాక ఆయనకు నోరు పెగల్లేదట. బోర్డు మీద మీ నాన్న పేరే ఉండనీ, నాకేం వద్దు అన్నాడు మావయ్య.

బస్సులో ఏడుపు ఆగలేదు. పక్కావిడ టిష్యూ ఇచ్చింది.

మార్చి 10
మ్యూజియంకి మెయిల్ పెట్టాను. మావయ్య పేరు రాయమన్నాను.

మార్చి 11
అమ్మ నాతో మాట్లాడట్లేదు. గిన్నెలు మాట్లాడుతున్నాయి.

ఏప్రిల్ 2
రానంటూనే మ్యూజియంకి వచ్చింది అమ్మ. బోర్డు చదివింది. మావయ్యను పలకరించింది. కుడివైపంతా నెమ్మదిగా చూసింది. ఎడమవైపుకి రమ్మంటే రాలేదు. అక్కడ ఉండాల్సింది అది కాదంది.