చుక్కమ్మ పడవకి నీళ్లు

మంగళగిరి మగ్గాల ఇంట పుట్టి, విజయవాడలో కాపురముంటూ, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్న తిరువీధుల సుధామణి అను నేను, వయసు నలభై ఆరు, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వయంగా రాసుకున్న వీలునామా ఇది. స్థిమితం అన్న మాట రాసి కొట్టేశాను. ఉండాలని లాయరు గారన్నారు, ఉంచాను. వచ్చే సోమవారం నా గుండె వాల్వుకి ఆపరేషన్. డాక్టరు గారు చిన్నదే అంటున్నారు. ఎవరికి చిన్నదో చెప్పలేదు.

1. నా స్వార్జితమైన ఫ్లాటు నా తదనంతరం నా భర్త హేమసుందర్‌కు సర్వహక్కులతో చెందవలసినది. ఈ వీలునామాను అమలు జరపవలసినదీ ఆయనే. అదనంగా, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పుల జత ఒకటి. నేను బొమ్మలు కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకల మీద కాలు వేసి ఆయన పెట్టిన కేకలకు పైఫ్లాటు సంజీవరావు గారు పరిగెత్తుకొచ్చిన సందర్భాలున్నవి.

2. నా చీరలన్నీ చెల్లెలు దుర్గకు. ఇదివరకే అడక్కుండా పట్టుకెళ్లినవి కూడా ఇందులో చేరినవే.

3. హాల్లో బల్ల మీది పడవ నమూనా. దీనికి కొంత వివరణ అవసరం. చిన్నప్పుడు నాకూ దుర్గకూ కలిపి ఒకటే బొమ్మల పుస్తకం, 'చుక్కమ్మ పడవ'. అందులో పోలరాజు తాత చేసిన పడవ పేరే చుక్కమ్మ, దానికి నీళ్లంటే భయం. కాలవగట్టు మీదే కూర్చుంటుంది. కోళ్లు అందులో గుడ్లు పెడతాయి. ఒకరోజు కాలవ పొంగి గట్టుదాకా వస్తుంది. తర్వాతేమైందో నాకు తెలియదు. ఊరించుకుని చదువుకుందామని చివరి పేజీ దాచుకున్నాను. ఇంకా చదవడం రాని దుర్గ దాన్ని చింపి, కాగితప్పడవ చేసి, వాననీళ్లలో వదిలింది. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "పడవని నీళ్లల్లోకి దింపానా లేదా? కథ అయిపోయినట్టే కదక్కా!" వన్ టౌన్‌లో పాత పుస్తకాల కొట్లన్నీ వెతికాను. ఇంకో ప్రతి దొరకలేదు.

అందుకే ఆ పడవను ప్లాస్టిక్ ఇటుకలతో నేనే కట్టుకోవడం మొదలుపెట్టాను. చదరపు ముక్కలతో గుండ్రటి పడవ పొట్ట రావాలంటే ఇటుకల్ని పక్కకి తిప్పి బిగించాలని తెలియడానికే చాలా కాలం పట్టింది. కోళ్లు కుదిరాయి. తాత తలపాగా కుదిరింది. పడవ కింద ఏముండాలన్నదే తేలలేదు. మట్టిరంగు ముక్కలు పెడితే చుక్కమ్మ పిరికిదిగా మిగిలిపోతుంది. నీలం పెడితే దుర్గ గెలుస్తుంది. పెట్టడం, పీకడం. "గమ్ పెట్టి అతికించెయ్, ఇక పీకవు" అని హేమసుందర్ సలహా. అతికించరాదని ఆయనకు ఇందుమూలంగా ఆజ్ఞ.

4. మా అమ్మ వెంకటరావమ్మ తను నేసిన చీరను మగ్గం మీంచి కోసుకునేటప్పుడు పాత పడుగు, అంటే నిలువు పోగుల, కొసలు మగ్గానికే వదిలేది. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతికేది. "మొత్తం లాగేస్తే మళ్లీ మొదట్నించీ ఎక్కించుకోవాలే అమ్మా" అనేది. అందువల్ల పడవను గట్టు అంచుదాకా కట్టి, దాని ముందు ఇటుకల బొడిపెలు, తర్వాతి ముక్కలు అతుక్కునేలా, కప్పకుండా వదిలేశాను. ఈసారి అనుమానంతో కాదు. కొంచెం ఉంది.

ఈ నమూనా దుర్గ కూతురు ధనశ్రీకి చెందవలసినది. ముక్కలు కలిపి పెంచుకోవచ్చు, విప్పి ఇంకేదైనా కట్టుకోవచ్చు. నీలం ముక్కల సంచి మాత్రం దుర్గది, ఈరోజే పంపిస్తున్నాను. నీళ్లు కావాలంటే ధనశ్రీ వాళ్లమ్మనే అడగవలసినది. చివరి పేజీ తాలూకు తగాదా ఇంతటితో రద్దు.

5. నేను ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగొస్తే పైవేవీ చెల్లవు, చెప్పుల జత తప్ప. అప్పుడు దుర్గ ఆ సంచి పట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి రావలెను. పడవని నీళ్లల్లోకి తనే దింపాలి. భోజనాలు ఇక్కడే.

విజయవాడ, 12-6-2025

(సంతకం) తిరువీధుల సుధామణి

సాక్షులు:
1. తెరేసమ్మ, తోటి అధ్యాపకురాలు
2. సంజీవరావు, పైఫ్లాటు (కేకల సంగతి కూడా నిజమే)