తొమ్మిదో షరతు రద్దు

జగ్గయ్యపేట కాపురస్తురాలు, కీర్తిశేషులు దశరథరామయ్య గారి భార్య, సాంఘికశాస్త్రం ఉపాధ్యాయినిగా రిటైరైన చిరుమామిళ్ల రత్తమ్మ అను నేను, నా డెబ్భై తొమ్మిదో ఏట, నా సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉంది. చెవులు బాగా వినిపిస్తున్నాయి, ఇంట్లో వాళ్లు ఆ సంగతి మరిచిపోతుంటారు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టడానికి వచ్చిన మా అబ్బాయి కిషోర్‌బాబుకు కాఫీ ఇచ్చి పంపించాను.

1. నేను 2016లో రాసి రిజిస్టరు చేయించిన వీలునామాను పూర్తిగా రద్దు చేస్తున్నాను. ముఖ్యంగా అందులోని తొమ్మిదో షరతును. అది ఇది: "నా వారసులలో ఎవరైనా మద్యం, గంజాయి మొదలగు మత్తు పదార్థాలు ముట్టినట్లు తేలితే, అట్టివారికి నా ఆస్తిలో సెంటు భూమి కూడా చెందదు." రాసినప్పుడు నాకది చాలా బాగున్నట్టనిపించింది. తొమ్మిదేళ్లు అమల్లో ఉంచి చూశాక తేలిన ఫలితాలను కింద రాస్తున్నాను.

2. నిరుడు ఆషాఢంలో కిషోర్‌బాబు కొడుకు హరిచరణ్ కొన్నాళ్లు కనిపించలేదు. ఎక్కడున్నాడని అడిగితే, ఆంజనేయస్వామి మాల వేసుకుని పరిటాలలో ఉంటున్నాడని నాకూ, నందిగామలో మా అబ్బాయి ఎరువుల షాపుకు వచ్చేవాళ్లకూ ఒకే సమాధానం చెప్పారు. హనుమజ్జయంతి వైశాఖంలోనే వెళ్లిపోయింది. ఆషాఢంలో ఆంజనేయస్వామి మాల వేసినవాడిని ఈ ప్రాంతంలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. అయితే వాడు గడ్డంతో తిరిగొచ్చేసరికి సగంమంది నమ్మారు. ఎదురింటి కోడలు వాడి కాళ్లకు దణ్ణం పెట్టి, "స్వామీ, రేపు మా ఇంట్లో భిక్ష చెయ్యాలండి" అంది. వెళ్లి తిని వచ్చాడు.

3. ఆ ఏడు దసరాకు ముందు, నాతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారు ప్రేమానందం గారు మా ఇంటికి వచ్చారు. అరగంట వర్షాల గురించి మాట్లాడారు. లేవబోతూ, "రత్తమ్మగారూ, మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి ఇస్తారా? మావాడి జామీనుకు కోర్టులో చూపించాలంట. మా కాలనీ ఇంటి కాయితం పనికిరాదన్నారు" అన్నారు. మావాడంటే ఆయన మనవడు, మా హరి చిన్ననాటి స్నేహితుడు నవీన్‌బాబు. వాడు ఆషాఢం నుంచి జైల్లో ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది. రసీదుతో పాటు నేనూ వెళ్లి సంతకం చేశాను.

4. ఆ రాత్రి హరిని కూర్చోబెట్టి అడిగాను. చెప్పాడు. ఇద్దరూ ఒకే బండి మీద కోదాడ వైపు నుంచి వస్తుంటే సరిహద్దు చెక్‌పోస్టులో ఆపారు. వెనక కూర్చున్న నవీన్‌బాబు సంచిలో గంజాయి పొట్లం దొరికింది. మా వంటింట్లో వాము పొట్లం దానికంటే పెద్దది. కొన్నది ఇద్దరి డబ్బుతో, తాగడానికి ఇద్దరూ. స్టేషన్‌కు ముందుగా చేరింది మా అబ్బాయి. ఆ తర్వాత హరి ఇచ్చిన వాంగ్మూలంలో, పొట్లం సంగతి తనకు తెలియదనీ, దారిలో కనిపిస్తే బండి ఎక్కించుకున్నాననీ ఉంది. హరి వారం తిరక్కుండా బెయిలు మీద వచ్చాడు. నవీన్‌బాబు డిప్లొమా చివరి పరీక్షలు వాడు లోపల ఉండగానే అయిపోయాయి.

5. ఈ విషయమై కిషోర్‌బాబు ఇచ్చిన సంజాయిషీని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నువ్వే రాసావుగా అమ్మా, మత్తు ముట్టినోడికి సెంటు కూడా లేదని. వాడి మూడెకరాలు పోనిమ్మంటావా? ఆ నవీన్‌గాడికైతే పోడానికేముంది?" ఇందులో మొదటి వాక్యం నిజం. మూడో వాక్యం అన్నందుకు ఇంతవరకు వాడితో నేను సరిగా మాట్లాడడం లేదు.

6. తొమ్మిదో షరతు వల్ల మా ఇంట్లో మత్తు తగ్గిన దాఖలా ఒక్కటీ లేదు. దాచడం పెరిగింది. కిషోర్‌బాబు విషయానికే వస్తే, పక్క రాష్ట్రం నుంచి సొంతానికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని 2020లో కోర్టు చెప్పినప్పుడు, ఆ వార్త కత్తిరించి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరిగాడు. సొంత వాడకానికీ వ్యాపారానికీ తేడా ఏమిటో ఆ రోజుల్లో నాకు ఓపిగ్గా వివరించింది వాడే. అదే రోడ్డు, అదే చెక్‌పోస్టు. నా భర్త యాభై ఏళ్లు చుట్ట తాగి గొంతు క్యాన్సర్‌తో పోయారు. ఆయన్ను ఎవరూ స్టేషన్‌కు పిలవలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లాం. మా అమ్మమ్మ పసిపిల్లలు నిద్రపోవడానికి ఆవగింజంత నల్లమందు పెట్టేది. దాన్ని వైద్యం అన్నారు.

7. గంజాయి మంచిదని నేను రాయడం లేదు. హరి మళ్లీ ముడితే, వాడు వినవలసినవి నేను బతికుండగానే వింటాడు. అమ్మేవాడి సంగతి వేరు, వాడిని పట్టుకోవలసిందే. కానీ సొంతానికి చిన్న పొట్లం దగ్గరుంచుకున్నవాడిని నేరస్థుల లెక్కలో కలపకూడదని నా అభిప్రాయం. వాడిని డాక్టరు దగ్గరకు పంపాలి, చదువు మాన్పించకూడదు. ఈ సంగతి ఢిల్లీకి రెండుసార్లు రాశాను. అందినట్టు మాత్రం జవాబు వచ్చింది. దేశం చట్టాన్ని మార్చే అధికారం నాకు లేదు. నా అధికారంలో ఉన్న చట్టం ఈ వీలునామా ఒక్కటే. అందులో మార్చాను.

8. తొమ్మిదో షరతు అక్షరాలా అమలైతే నా ఆస్తి మొత్తానికి మిగిలే వారసురాలు మా అమ్మాయి నాగశ్రీ ఒక్కతే. రద్దు చేయమని నాకు మొదట చెప్పింది కూడా ఆమే. అందుచేత ఈ వీలునామా అమలు బాధ్యత ఆమెకే అప్పగిస్తున్నాను. జగ్గయ్యపేట ఇల్లు ఆమెకు చెందుతుంది. మేడ మీద గదిలో అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించకూడదు. వాళ్లు కుళాయి కట్టేసి పడుకునే మనుషులు.

9. కిషోర్‌బాబుకు నందిగామలో షాపు ఉన్న కట్టడం, స్థలంతో సహా. వాడు తాగుతాడని తగ్గించలేదు, మానేస్తాడని పెంచలేదు. వాళ్ల నాన్న పడక్కుర్చీ కూడా వాడికే. నవారు మార్పించాలి.

10. పాత వీలునామాలో పేరు లేని మనవరాలు సింధూరకు నా నాలుగు గాజులు, టేకు బీరువా, అందులోని పుస్తకాలు. బీరువా కింది అర తలుపు గట్టిగా లాగితేనే వస్తుంది. పుస్తకాల్లో పెన్సిలుతో రాసినవి నా వ్యాఖ్యలు, చెరపవద్దు.

11. మా తోడికోడలికి ఏమీ లేదు. ఆమె మా ఇత్తడి గంగాళం తీసుకెళ్లి, మీరే ఇచ్చారని అంటోంది. ఇచ్చాననే అనుకుంటున్నాను.

12. నవీన్‌బాబు కేసుకు లాయరు ఖర్చు, పోయిన పరీక్షలు మళ్లీ రాయడానికి అయ్యే ఖర్చు నా బ్యాంకు డిపాజిట్ నుంచి ఇవ్వాలి. నేనుండగా నేనే ఇస్తాను. ప్రేమానందం గారు వద్దంటారు. ఒకసారి అననిచ్చి, తర్వాత ఇచ్చేయాలి. నవీన్‌బాబు, హరి ఇద్దరూ మా వరండాలో ఆడుకున్న క్యారమ్ బోర్డు ఆ ఇద్దరికీ ఉమ్మడిగా చెందుతుంది. దాన్ని విభజించడం కుదరదు. ఎవరింట్లో ఉండాలో వాళ్లే మాట్లాడుకోవాలి. మాట్లాడుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా, అందుకే అలా రాశాను.

13. ఇద్దరి చికిత్సకు అయ్యే ఖర్చూ అదే డిపాజిట్ నుంచి. ఇప్పుడున్న చట్టంలోనే ఒక చిన్న తలుపు ఉంది. కొద్ది మొత్తంతో దొరికినవాడు అలవాటు ఉందని చెప్పి, తనంతట తాను వైద్యానికి వెళ్లి పూర్తి చేస్తే, కేసు నడపకుండా వదిలేయవచ్చు. నవీన్‌బాబు ఒప్పుకున్నాడు. హరి ఆ తలుపు దగ్గరకు వెళ్లాలంటే ముందు పొట్లంలో తనకూ వాటా ఉందని చెప్పాలి.

14. హరిచరణ్‌కు చందర్లపాడు పొలం మూడెకరాలు, బోరుతో సహా. తూర్పు హద్దులో పక్కవాళ్లు గట్టు లోపలికి జరిపారు, సర్వేయరును పిలిపించాలి. ఈ దఖలుకు షరతు ఏమీ లేదు.

రేపు జగ్గయ్యపేట కోర్టులో వాయిదా. నేరం ఒప్పుకుంటున్నావా అని మేజిస్ట్రేటు ఇద్దరినీ అడుగుతారు. హరి నిజం చెబితేనే పొలం అని రాయమని, పాత షరతు రద్దు చేయమన్న నాగశ్రీ కూడా సలహా ఇచ్చింది. రాయలేదు. పొలం కోసం అబద్ధం ఆడినవాడు పొలం కోసమే నిజం చెబితే, అది నవీన్‌బాబుకు పనికొస్తుందేమో గాని హరికి పనికిరాదు. వాడు రేపు ఏం చెప్పినా పొలం వాడిదే. నేను మళ్లీ మార్చను.

వీలునామాను రాసినవాళ్లు పోయాక చదవడం వాడుక. దీన్ని ఈ సాయంత్రం కిషోర్‌బాబు ఎదుట హరిని కూర్చోబెట్టి నేనే చదువుతాను. రేపు బోనులో నిలబడేటప్పుడు వాడు మూడెకరాలకు భయపడనక్కర్లేదు. మూడెకరాల పేరు చెప్పుకోవడానికీ వీల్లేదు.

పై సంగతులన్నీ నేనే రాసి, చదువుకుని, కొట్టివేతలు లేవని చూసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

జగ్గయ్యపేట
10 నవంబరు 2025

(సం.) చిరుమామిళ్ల రత్తమ్మ

సాక్షులు:
1. (సం.) భవానీప్రసాద్, రిటైర్డ్ పోస్టుమాస్టరు, జగ్గయ్యపేట
2. (సం.) జాయిస్, నర్సు, నందిగామ