అడుగులా, మీటర్లా?

జూన్ 3

ఇన్‌స్టిట్యూట్ లైబ్రేరియన్ ఫోన్ చేసింది. బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉంటాయో అంచనా కట్టే నా ప్రోగ్రామ్, ఇరవై రెండేళ్ల కొలతలు పాత సర్వర్లో దొరికాయట. 14లోగా మెటాడేటా ఫారం నింపకపోతే డిలీటేనట. ఎవరు రాశారో, ఏం కొలిచారో ఒక్క ముక్క లేదు సార్ అంది.

రచయిత అనే గడి ఉందా అన్నాను. ఉందట. ఆ గడి కోసమే ఇన్నాళ్లూ బతికున్నాను కాబోలు.

జూన్ 4

నింపాను. నా ప్రోగ్రామ్‌ను తన పేరుతో అచ్చేసుకుని పతకం కొట్టేసిన డైరెక్టర్ ఇప్పుడు చూడాలి. సొమ్మొకడిది, సోకొకడిది.

జూన్ 6

ఫారం వెనక్కొచ్చింది. పద్నాలుగు గడుల్లో ఒక్కటే నింపారేంటి సార్ అంది. పక్కపక్క బావులట. ఒకదానికి 31, ఇంకోదానికి 14. అడుగులా, మీటర్లా?

నాకూ తెలియలేదు. తెలిసినవాడికి చెప్పక్కర్లేదు, డైరెక్టర్‌కి అర్థం కాకూడదు అని ఆ రోజుల్లో ఎక్కడా ఏదీ రాయలేదు. ఆయనకి అర్థం కాలేదు సరే, మీకవుతోందా అంది మా ఆవిడ.

జూన్ 9

బావుల్లోకి టేపు దింపి కొలిచినవాడు ఊళ్లోనే ఉన్నాడు. వెళ్లాను. సైకిల్ చైన్‌కు నూనె వేస్తూ చెప్పాడు. కొలతలు మొదలైన తొమ్మిదో ఏట ఇనప టేపు తెగింది. నలభై అడుగుల ముక్క మిగిలింది. ఆఫీసు మీటర్ల టేపు ఇచ్చింది. పాతది పారేయబుద్ధికాక, నీళ్లు పైనున్న బావులకు ముక్క, లోతు బావులకు కొత్తది వాడాడట.

అంటే 31 అడుగులు, 14 మీటర్లు. 31 కన్నా 14 లోతు! ముప్పై బావులకూ ఏది దేనితో కొలిచాడో మనవళ్ల పేర్లు చెప్పినట్టు చెప్పాడు. అప్పుడే చెప్పాను కదండీ, మీరు ఊఁ అన్నారు అన్నాడు.

జూన్ 13

పదమూడు గడులు నిండాయి. మిగిలింది ఒక్కటే: కొలతలు తీసినవారు.

ఇరవై రెండేళ్లు అతన్ని టేపూ అనే పిలిచాను. డైరెక్టరే నయం. నా పేరు తెలిసే కొట్టేశాడు.

జూన్ 14, ఉదయం 9

ఫోన్ చేసి పూర్తి పేరు అడిగాను. ఇంటిపేరుతో సహా చెప్పాడు. రాశాను. ఫారం వెళ్లింది.

ఇంతకీ మీ పేరేంటి సార్ అన్నాడు.