చప్పుడు లేని సైకిలు

అమ్మకి,

నీ చిన్నోడు దణ్ణం పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నేనూ నీ కోడలూ రోజులు నెట్టుకొస్తున్నాం, బానే ఉన్నాం. అక్కడ అక్క కాస్త తేరుకుందనీ, కవలలిద్దరూ వంతులేసుకుని ఏడవడం మానేసి ఒకేసారి నిద్రపోతున్నారనీ, నీ నడుముకి కొంచెమైనా విశ్రాంతి దొరుకుతోందనీ అనుకుంటున్నాను. బావగారిని అడిగానని చెప్పు.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే ఒకడు ఆపగానే ఇంకొకడు అందుకుంటాడు. నా మాట సగమే వినబడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం నయం. పైగా ఇవాళ నేను చెప్పాల్సింది ఫోన్లో నోరు పెగిలి చెప్పగలిగేది కాదు. అది తర్వాత. ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను.

"ఇంట్లో కదలని సైకిలెందుకురా, రోడ్డు మీద తొక్కితే గాలైనా తగులుతుంది కదా" అన్నావు. మా పైఇంటాయనదీ అదే మాట. తలుపు తీసుంటే లోపలికి తొంగిచూసి, "పొద్దుట్నించీ తొక్కుతున్నావు, ఇంకా గుమ్మం కూడా దాటలేదేంటయ్యా" అని నవ్విపోతాడు. ఆయన నవ్వితే నాకూ నవ్వొస్తుందిలే.

నా మోకాలికి వైద్యం చేసే ఫిజియోథెరపిస్టు మాట మెత్తన, చెయ్యి మాత్రం ఇనుము. పరుగు వద్దంది, మెట్లు వద్దంది. రోడ్డు మీద సైకిలైతే గుంటల్లో కుదుపులు, కింద పడ్డామంటే మళ్లీ మొదటికొస్తుందంది. అలాగని కాళ్లొక్కటే బాగుపడితే మంటలార్పే మా ఉద్యోగానికి చాలదు కదా. నీళ్లు వదలగానే గొట్టం చేతిలోంచి ఎగిరిపోవాలని చూస్తుంది. దాన్ని అదిమిపట్టాలంటే భుజాలూ, వీపూ, నడుమూ అన్నీ ఒక్కటై పనిచెయ్యాలి. నా కుడిభుజం ఆసుపత్రి మంచం మీద బాగా పట్టేసింది. అందుకని ఒంటినంతటినీ ఒకేసారి కదిలించే సైకిలు చూసుకోమంది.

నేనూ నీ కోడలూ వెళ్లాం. అదో పెద్ద షాపు, పాటలు చెవులు చిల్లులు పడేలా పెట్టారు. అమ్మే అమ్మాయి ఓపికమంతురాలు, అన్నింటిమీదా ఎక్కించి చూపించింది. మొదటిది మామూలు సైకిలు లాంటిదే. ముందుకి వంగి కూర్చుంటే బరువంతా మణికట్ల మీద పడింది. చేతులకి పట్టుకోవడం తప్ప వేరే పని లేదు. రెండోది కుర్చీలాగా వీపు ఆనించుకునేది, తొక్కే పెడళ్లు ఎదురుగా ఉంటాయి. మోకాలికి ఎంత హాయిగా ఉందో! లేవబుద్ధి కాలేదు. "ఇది కొంటే మీరు పేపరు చదువుకుంటూ కునుకుతీస్తారు, ఒళ్లు మాత్రం వంచరు" అంది నీ కోడలు. దాన్ని అక్కడే వదిలేశాం.

మూడోదానికి ముందు చక్రం ఉండాల్సిన చోట పెద్ద ఫ్యాను ఉంది. పిడులు రెండూ నా ఛాతీ దాకా పొడుగ్గా ఉన్నాయి. కాళ్లు తొక్కుతుంటే అవి ముందుకీ వెనక్కీ ఆడతాయి, మనం ఒకదాన్ని తోస్తూ ఇంకొకదాన్ని లాగుతూ ఉండాలి. ఎంత గట్టిగా తొక్కితే గాలి అంత గట్టిగా అడ్డుపడుతుంది. మెడ దగ్గర్నించి మడమ దాకా పని చెప్పని కండరం లేదు. సరిగ్గా మనకి కావలసింది ఇదే అనుకున్నాం. షాపులో పాటల గోలలో మెల్లిగా తొక్కి చూసి, ఇంటికి పంపించమని చెప్పి వచ్చేశాం.

"మరి అంత మంచిది ఎందుకు మార్చుకున్నావు, కిందింటివాళ్లు అంత సుకుమారులా" అని అడిగావు. కిందింటివాళ్లకి చప్పుడు ఇబ్బందిగా ఉందని నీతో చెప్పాను కదా. కిందింటాయనకి చెముడమ్మా. ఆయన పక్కన బాంబు పేలినా తల తిప్పి చూడడు. ఒక్క మాటా అనలేదు పాపం.

ఇక్కడ్నించి కాస్త కూర్చుని చదువు. పిల్లల్ని అక్కకిచ్చి కూర్చో.

నేను తడిమెట్ల మీద జారి పడ్డానని నీకు చెప్పాం. అక్కకీ అదే తెలుసు. జారలేదమ్మా. అది పరుపులు దాచే గోడౌను. నేనూ, మా జట్టులోని మీసాలాయనా లోపలికెళ్లాం. ఆయన గొట్టం చిక్కుపడిందని వెనక్కి వెళ్లాడు, ఈలోగా మెట్లమీది పైకప్పు కూలింది. నేనో చిన్నగదిలో ఇరుక్కుపోయాను. కాలి మీద ఇనప బీరువా పడింది. ఎదురుగా తలుపు, తలుపుకి అవతల మంట.

మంటంటే చిటపటలాడుతుందని అందరూ అనుకుంటారు. గదిలో పెరిగిపోయిన మంట అలా ఉండదు. అది గాలిని లాక్కుంటుంది. ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు, పీల్చడమే తప్ప వదలడం తెలీనట్టు ఒకటే హోరు. తలుపు సందుల్లోంచి నా పక్కనున్న గాలి దానివైపు వెళ్లిపోవడం నా మెడమీద తెలిసింది. నేను అరవలేదు. వింటూ పడుకున్నాను. వెనకవైపు గోడ పగలగొట్టి మావాళ్లు నన్ను బయటికి లాగారు. కొద్దిసేపేనంటారు వాళ్లు. నాకైతే తెలీదు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అది గుర్తురాలేదు. మోకాలి నొప్పి తప్ప ఇంకేదీ లేదు, నేనూ గట్టివాణ్ణే అనుకున్నాను. సైకిలు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున నీ కోడలు సీటు ఎత్తు సరిచేసింది. పెడలు కిందికెళ్లినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలని ఫిజియోథెరపిస్టు చెప్పిందిలే. సరిచేసి బడికి వెళ్లిపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నేనెక్కి మెల్లిగా మొదలుపెట్టి, ఒళ్లు వేడెక్కాక గట్టిగా తొక్కాను.

అదే హోరు. నా ముందే. గాలి లాక్కుంటూ.

దిగడం గుర్తులేదు. చూసుకునేసరికి స్నానాలగదిలో నేలమీద ఉన్నాను, కుళాయి వదిలేసి ఉంది, బట్టలన్నీ తడిసిపోయాయి. లేచి సైకిలు మీద దుప్పటి కప్పేశాను. నీ కోడలు అడిగితే మోకాలు సలుపుతోందన్నాను. మర్నాడూ అదే అన్నాను. ఆ తర్వాతా అదే.

ఓ ఆదివారం దానికి విసుగొచ్చింది. "మీరు తొక్కకపోతే నేనైనా తొక్కుతాను, కొన్నందుకు ఎవరో ఒకరం వాడాలి కదా" అని దుప్పటి తీసి ఎక్కింది. హోరు మొదలైంది. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను. ఒకటి నాది, ఒకటి దానిది. వీధి చివర ఇస్త్రీ దుకాణం మెట్ల మీద కూర్చుంటే వెతుక్కుంటూ వచ్చి పక్కన కూలబడింది.

"ఏమైందండీ?"

"మోకాలు..." అన్నాను.

"మోకాలికి చెవులుండవు" అంది. "అది మొదలవగానే మీ మొహం చూశాను."

నీ కోడలు పిల్లలకి పాటలు నేర్పే మనిషి. అరవైమంది పాడుతుంటే అందులో ఒక్కడు తప్పు పాడినా పట్టుకుంటుంది. దాని దగ్గర ఇన్నాళ్లు ఎలా దాచగలననుకున్నానో! ఆ మెట్లమీదే అంతా చెప్పాను.  అది నా కాలికున్న తన చెప్పువైపే చూసి, "ముందు ఆ చెప్పు విడవండి, తెగిపోతుంది" అంది. ఏడుస్తూనే అంది.

మళ్లీ అదే షాపుకి వెళ్లాం. కిందింటివాళ్ల మాట అక్కడ పుట్టించింది నీ కోడలే. "మా కిందింటివాళ్లు చప్పుడు భరించలేకపోతున్నారు. కాళ్లకీ చేతులకీ కలిపి పని చెప్పేదే కావాలి, కానీ చప్పుడు ఉండకూడదు" అంది. ఆ పాటలు కాసేపు ఆపించింది. తర్వాత పిడులాడే సైకిళ్లన్నీ ఒక్కొక్కటే ఎక్కి, చెమటలు కారేలా తొక్కింది. చూపు మాత్రం సైకిలు మీద లేదు, నా మొహం మీదుంది. నేను తల అడ్డంగా ఊపగానే దిగిపోయేది.

అమ్మే అమ్మాయి అయోమయంగా, "మేడమ్, సైకిలు మీకా, సార్‌కా?" అని అడిగింది.

"ఇద్దరికీనమ్మా" అంది ఆయాసపడుతూ.

చివరికి దొరికింది. దీనికి ఫ్యాను లేదు, లోపల అయస్కాంతం ఉందట. మర తిప్పితే బిగుస్తుంది, వెనక్కి తిప్పితే వదులవుతుంది. పొడుగు పిడులున్నాయి, తోయొచ్చు, లాగొచ్చు. గట్టిగా తొక్కినా ఎవరో పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నంత చప్పుడే. నేను తలూపాను. నీ కోడలు దిగి, పిడి మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

దానిమీదే రోజూ తొక్కుతున్నాను. నువ్వడిగావు కదా, చేతులకి నిజంగా పని ఉంటుందా అని. ఉంటుంది. కాళ్లు అలిసినప్పుడు వాటిని పెడళ్ల పక్కనున్న ఇనపకడ్డీల మీద పెట్టుకుని చేతులతోనే తోస్తాను. భుజం ఇప్పుడు తలమీదికి లేస్తోంది. మోకాలు వాపు పోయింది. నువ్వు చూస్తే సంతోషిస్తావు.

కానీ ఒళ్లు బలపడుతున్నకొద్దీ నాకు గుబులెక్కువైందమ్మా. మోకాలు బాగోలేదన్నంతకాలం ఎవరూ ఇంకేమీ అడగరు. మోకాలు బాగయ్యాక ఏం చెప్పను? అక్కడ నువ్వేమో బావగారి బంధువులందరికీ, "మావాడు వచ్చేనెల మళ్లీ నిచ్చెనెక్కుతున్నాడు" అని చెప్పేశావట. అక్క రాసింది. ఆ ముక్క చదివి రోజంతా మంచం దిగలేదు.

తర్వాత ఫైర్ స్టేషనుకి వెళ్లి మా పెద్దసారుని కలిశాను. డాక్టరు నన్ను మళ్లీ డ్యూటీలోకి తీసుకోవచ్చని రాసిచ్చేశాడు. సారు అది చూసి, "సోమవారం బండెక్కుతావా?" అన్నారు.

"ఒళ్లు ఎక్కుతానంటోంది సార్. నేను ఎక్కలేను" అన్నాను. ఫ్యాను సంగతీ, స్నానాలగది సంగతీ చెప్పాను. నవ్వుతారనుకున్నాను.

ఆయన నవ్వలేదు. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. "మీసాలాయన ఆ గోడౌనున్న వీధిలోంచి నడవడం మానేశాడు, తెలుసా? ఊరంతా చుట్టి వస్తున్నాడు" అన్నారు. నాకు తెలీదు. మీసాలాయనా నాకు చెప్పలేదు. "మనసుకి చూసే డాక్టరున్నారు, రాసిస్తాను, వెళ్లు. ఈలోపు కంట్రోల్ రూములో ఫోన్లు చూసుకో. అక్కడా మనిషి కావాలి."

అలా ఇప్పుడు ఫోన్ల దగ్గర కూర్చుంటున్నాను. చాలావరకు లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు, తాళాలు లోపల పెట్టి తలుపేసుకున్నవాళ్లు. మొన్న మధ్యాహ్నం ఓ పెద్దావిడ చేసింది. వంటగది అంటుకుంది, ఆవిడ లోపలి గదిలో చిక్కుకుంది. ఆవిడ మాట వెనకాల ఆ హోరు వినబడింది. చెవిలోనే ఉంది.  ఫోను పక్కవాడికిచ్చేద్దామని లేచాను కూడా.

"బాబూ, ఉన్నావా?" అంది ఆవిడ.

కూర్చున్నాను. "ఉన్నానమ్మా. తలుపు తియ్యకండి. దుప్పటి తడిపి తలుపు కింద సందులో కుక్కండి. కిటికీ దగ్గర కింద కూర్చుని, నాతో మాట్లాడుతూ ఉండండి" అన్నాను. బండి వెళ్లేదాకా మాట్లాడిస్తూనే ఉన్నాను, ఆవిడ మొక్కల గురించీ, మనవరాలి గురించీ. ఆ హోరు వింటూనే మాట్లాడాను. మావాళ్లు కిటికీలోంచి దింపారు. రోడ్డు మీదికొచ్చాక కూడా ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు.

"నీ గొంతేంటి బాబూ అలా వణుకుతోంది? నువ్వు బాగానే ఉన్నావా?" అని అడిగింది.

డాక్టర్లడిగారు, మీసాలాయన అడిగాడు, నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడిగావు. అందరికీ బాగున్నాననే చెప్పాను. ముక్కూమొహం తెలీని ఆవిడకి మాత్రం, "లేదమ్మా, చాలా భయమేసింది" అనేశాను.

"నాకూ వేసింది నాయనా" అంది. 

ఎవరో ఆవిడకి చెప్పగలిగినవాణ్ణి నీకు చెప్పకపోతే ఎలాగని ఇదంతా రాశాను. శుక్రవారం ఆ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, నీ కోడలు బడికి సెలవు పెట్టింది. మళ్లీ నిచ్చెనెక్కుతానో లేదో నాకు తెలీదు. బంధువులకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. ఏమీ చెప్పకపోయినా పర్వాలేదు. ఏడుపొస్తే ఏడువు, కానీ పరిగెత్తుకుంటూ వచ్చెయ్యకు, అక్కడ అక్కకి నీ అవసరం ఎక్కువ. మీసాలాయన్ని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఏం మాట్లాడుకుంటామో చూడాలి.

అలిసిపోయానమ్మా. మోకాలి వల్లా కాదు, సైకిలు వల్లా కాదు, దాచీ దాచీ అలిసిపోయాను. ఇది పోస్టులో వేసి వచ్చి కాసేపు పడుకుంటాను.

ఇట్లు,
నీ దగ్గర ఇక దాచడానికేమీ మిగలని
నీ చిన్నోడు