కంచం జారిన సంగతి

అమీర్‌పేట,
1944 ఆగస్టు 20, ఆదివారం.

లకిడీకాపూల్‌లో ఉన్న వదినె రాజమ్మకు, నీ వియ్యపురాలు రుద్రమ్మ దండాలు పెట్టి రాయించేది. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టాలట. ఆ మాట చెప్పబోతే సిగ్గవుతోంది. మీరైనా చల్లగా ఉండండి. మీ ఇంటాయన ఐలయ్య అన్నను దీన్ని వాకిట్లో చదవొద్దను, తలుపేసుకుని చదివి వినిపించమను. నేను సుత బయటివాళ్లతో రాయించలేదు. ఇంటి సంగతి బజారున పడుతుంది.

మీ బిడ్డ భూలక్ష్మి చంటిదాన్ని ఎత్తుకుని మీ ఇంటికి వచ్చినప్పటినుంచి నేను బావి దగ్గర తల ఎత్తలేకపోతున్నాను. నీ కోడలేదవ్వా అని అడుగుతారు. పుట్టింట్ల బోనాలకు పోయిందని చెప్పాను. ఆషాఢం ఎప్పుడో పాయె గదా అని మొగిలయ్య పెండ్లాం నవ్వింది. దాని నోరు పడిపోను!

నా కొడుకు నర్సింహులు చెడ్డవాడా వదినె? పంజాగుట్ట దిగుడులో టాంగా మీదినుంచి పడి, తల రాతికి కొట్టుకోకముందు ఎవరినైనా ఒక మాట అన్నాడా? గాయం మానింది. వెంట్రుకలు మొలిచాయి. లోపలే ఏదో మానలేదు. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడతాడు, కసురుతాడు, ఆనక మూలన కూర్చుని ఏడుస్తాడు. బల్కంపేట ఎల్లమ్మ దగ్గర డప్పు మోగగానే వణికి అరిచాడు. శిగమొచ్చింది, అమ్మవారు పూనిందని జనం వాడి కాళ్ల మీద నీళ్లు పోశారు. ఇంటికి తీస్కపోవే అవ్వా అని వాడు ఏడుస్తుంటే, నా కొడుకు ఎప్పుడు బాగైతడు తల్లీ అని నేను వాడినే అడిగాను.

దవాఖానలో డాక్టరు గుచ్చి గుచ్చి అడిగాడు. దెబ్బకు ముందే దిగులు పట్టిన రోజులున్నాయా, తాగుతాడా, ఇంట్లో కనిపెట్టుకునే మనిషి ఉందా అని. పాత దిగులు, తాగుడు, ఒంటరితనం ఉన్నవాళ్లకు తల మానినా మనసు చెడే భయం ఎక్కువట. మా ఇంట్ల గసొంటివి లేవు, మందియ్యవయ్యా అని గద్దించాను.

కంచం భూలక్ష్మి నుదుటికి తగిలింది నిజమే. వాడు విసరలేదు. చెయ్యి జారింది. రాసే చెయ్యి ఇక్కడ ఆగింది. చెప్పింది రాయమన్నాను.

పిల్లను పంపు వదినె. మనిషి తోడు లేకపోతే వాడు నాకు దక్కడు. ఈ రుద్రమ్మ ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఇప్పుడు నీ ముందు కొంగు చాపుతున్నాను.

ఇట్లు,
రుద్రమ్మ వేలిముద్ర

తా.క. అత్తమ్మా, ఇది రాసింది మీ అల్లుడు నర్సింహులు. ఇంట్లో అక్షరం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కంచం జారలేదు. నేను విసిరాను. మా నాయన కాలం చేసిన ఏడాది నేను ఎవరితో మాట్లాడక చీకటి గదిలో కూర్చున్న సంగతి పెండ్లప్పుడు మీకు చెప్పలేదు. టాంగా మీదినుంచి పడిననాడు కల్లు తాగి ఉన్నాను. డాక్టరుకు ఇదంతా రేపు నేనే పోయి చెప్తాను. నా చెయ్యి మీద నాకు నమ్మకం కలిగేదాకా భూలక్ష్మిని పంపకండి. చంటిదాన్ని అసలే పంపకండి.

అమ్మ పక్కనే కూర్చుంది. అయిందా బిడ్డా, మొత్తం ఒకసారి చదివి వినిపియ్యి అంటోంది. ఇది సుత చదువుతాను.