నీ గ్రహంలో రెండో బావి

తమ్ముడూ దావీదూ,

నిన్ను మట్టి చేసి ఏడాదైంది. నీ పేరుతో నేను పంపిన కథ మద్రాసు పత్రికలో పడింది. పలకల దుకాణంలో శెట్టిగారు పైకి చదువుతుంటే గుమ్మం బయట నిలబడి విన్నాను. మనం పలకలు చెక్కుతూ అల్లుకున్న గ్రహమంతా ఉంది. గాలిలో తేలే ఊళ్లు, రెండు చందమామలు అలాగే ఉన్నాయి. బావి దగ్గర మాత్రం పెద్దింటి వాళ్లకొకటి, మనలాంటి వాళ్లకొకటి అని రాశారు. ఆ ఒక్క బావి కోసమే కదా నువ్వు ఆ గ్రహాన్ని పుట్టించింది!

"ఇదేంది శెట్టిగారూ, మావోడు అందరికీ ఒకటే బావి పెట్టినాడే?"

"అట్ల రాస్తే ఎవురు నమ్ముతార్రా? పత్రికాయన తెలిసినోడు, సరిదిద్దినాడు."

తేలే ఊళ్లను నమ్మిన మనిషే ఆ మాటన్నాడు. ఎండన పడి వచ్చావంటూ చెంబెత్తి, పైనుంచి నా దోసిట్లో నీళ్లు పోశాడు. వద్దనలేక తాగాను.

నీ అన్న