వల తాడు పట్టిన ఇరాకీ

2003 మార్చి, ఆదివారం

పొద్దున్న ఒడ్డున పెద్దవల లాగుతుంటే, రేవులో ఆగిన ఓడ దిగొచ్చిన ఒకాయన అడక్కుండానే తాడు పట్టుకున్నాడు. ఏ ఊరని అడిగితే గుండె మీద చెయ్యేసుకుని "ఇరాక్" అన్నాడు. అంతే, మా బావ తాడు వదిలేసి దూరంగా జరిగాడు.

"టీవీలో సూళ్ళేదేటి? ఆళ్ళంతా బాంబులోళ్ళే!"

"బాంబులు ఆళ్ళ మీద పడతన్నాయి బావా," అన్నాను. ఎవరూ నవ్వలేదు. అయినా అది జోకు కాదు.

ఆయనకేం అర్థమైందో గానీ తాడు మాత్రం వదల్లేదు. మా అడుగులో అడుగేసి, వాళ్ళ భాషలో ఏదో పాడుకుంటూ లాగాడు. ఆ పాటకి మా కాళ్ళు కూడా కదిలాయి. ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది.

తాడు మీద చెయ్యేసినవాడికి కూరకి చేపలివ్వడం మా రివాజు. వాటాలు వేసేది అత్త, అంటే బావ తల్లే.

"శత్రువుకి వాటా ఏటే అమ్మా?" అన్నాడు బావ.

"నువ్వు తాడొగ్గీసినావు. ఆడు ఒగ్గనేదు. నీ వాటాయే ఆడికి."

ఆయన దోసిలి పట్టి తీసుకున్నాడు. తిన్నగా బావ దగ్గరికెళ్ళి, సగం బావ తువ్వాల్లో పోశాడు. బావ ఆ తువ్వాలు మూటగట్టుకున్నాడు.

సాయంత్రం బావ వాళ్ళింట్లో ఆ చేపల పులుసే తిన్నాం. టీవీలో బాగ్దాద్ మండుతోంది. రోజూ సౌండు పెంచే బావ, ఇవాళ ముద్ద చేత్తో పట్టుకుని తెర దగ్గరికెళ్ళి కూర్చుని నన్నడిగాడు.

"ఇందులో ఆడిల్లు ఏదంటావ్?"